విజ్ఞానవతి రెబెకా లాన్స్‌ఫీల్డ్

1895వ సంవత్సరము జనవరి మాసమున ఏడు దినముల వ్యవధిలో ఇరువురు శిశువులు భూగోళమునకు చెరియొక ప్రక్క జన్మించిరి. జనవరి 12వ తేదీన భీమవరమున పుట్టినవాడు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు వినని తెలుగు విద్యార్థి అరుదు. జనవరి 5వ తేదీన న్యూయార్కు నగరమునకు చేరిన స్టాటెన్ ద్వీపమున, ఫోర్ట్ వాడ్స్‌వర్త్ అను సైనిక స్థావరమున పుట్టిన బాలిక రెబెకా క్రెయిగ్‌హిల్. వివాహానంతరము ఆమె లాన్స్‌ఫీల్డ్ అను ఇంటిపేరుతో లోకమునకు తెలియవచ్చెను. ఉత్తరోత్తరా సుబ్బారావుగారును ఆ న్యూయార్కు రాష్ట్రమునకే చేరి, పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ పరిశోధనాలయమున సూక్ష్మజీవులను జయించు ఔషధముల కొఱకు శ్రమించి, 1948లో కీర్తిశేషుడయ్యెను. ఆయన చరిత్రను మనవారు పలుమార్లు వ్రాసిరి. ఈమె చరిత్ర తెలుగున తఱచుగా కనబడదు. కాని ఈమె కృషి మన యింటి పిల్లల గొంతులకును, గుండెలకును సంబంధించినది. కావున ఈ సంచికలో ఈమెను గూర్చి చెప్పవలెనని తోచినది.

ముందుగా ఆమె జీవితమంతయు వెచ్చించి తెలిసికొనిన ఆ శత్రువెవరో తెలిసికొందము. మన బళ్ళారి ప్రాంతమున చలిదినములు ప్రవేశింపగానే పిల్లలకు గొంతునొప్పి తఱచుగా వచ్చుచుండును. ఇరుగుపొరుగు కన్నడిగులు దానిని గంటలు నోవు అందురు. మనము గొంతునొప్పి అందుము. పేరులు రెండైనను బాధ యొక్కటే. ఉప్పునీరు పుక్కిలించి, మిరియాల కషాయము త్రాగి నాలుగు దినములలో మఱచిపోవుదుము. ఆ గొంతునొప్పులలో ఎక్కువ పాలు వైరసుల వలన వచ్చి వాటంతట అవియే తగ్గిపోవునవే. కాని కొన్ని మాత్రము స్ట్రెప్టోకోకస్ అను సూక్ష్మజీవి వలన కలుగును. అప్పుడు మ్రింగుటకు వీలులేని నొప్పి, జ్వరము, మెడ ప్రక్కల బిళ్ళలు కట్టుట కనబడును. దగ్గు, జలుబు సాధారణముగా ఉండవు. ఇదియు వారములోపల తగ్గినట్లే యుండును. చిక్కంతయు ఆ తరువాతనే. రెండు మూడు వారములు గడచిన పిమ్మట కొందఱు పిల్లలకు మోకాళ్ళు, చీలమండలు వాచి, నొప్పి ఒక కీలునుండి మఱియొక కీలునకు తిరుగుచు జ్వరము వచ్చును. దీనినే రుమాటిక్ జ్వరమందురు. కీళ్ళ బాధ తీరిపోవును గాని, గుండెలోని కవాటములు చెడి, ఆ బిడ్డ జీవితాంతము రోగియై మిగులవచ్చును. ఈ వ్యాధి కీళ్ళను నాకి గుండెను కఱచునని వైద్యులలో నొక పాత నానుడి కలదు. సంపన్న దేశములలో ఇది మిక్కిలి తగ్గిపోయినను, మన దేశమున నేటికిని పలువురు బాలబాలికలు దీని వాతబడుచున్నారు.

స్ట్రెప్టోకోకస్ అనునది గ్రీకుమాట. స్ట్రెప్టోస్ అనగా మెలిపడిన గొలుసు, కోకస్ అనగా గింజ. సూక్ష్మదర్శినిలో చూచినచో పూసలదండవలె కనబడును గనుక 1874లో బిల్‌రోత్ అను వైద్యుడు ఈ పేరు పెట్టెను. 1879లో పారిస్ నగరమున వైద్యుల సభలో బాలింత జ్వరమునకు కారణమేమని చర్చ జరుగుచుండగా, లూయీ పాశ్చరు లేచి నల్లబల్లపై ఈ గొలుసును గీచి చూపెను. ప్రసవించిన తల్లులను చంపునది ఇదియే. గొంతును పట్టునది ఇదియే. పసిపిల్లల ఒంటిని ఎఱ్ఱగా చేయు స్కార్లెట్ జ్వరమును తెచ్చునది ఇదియే. చిన్న గాయమునుండి శరీరమంతయు ప్రాకి రెండు మూడు దినములలో ప్రాణము తీయునదియు ఇదియే. అయితే ఒక చిత్రము. ఇదే గొలుసు ఆకారము గల జీవులు ఆరోగ్యవంతుని నోటిలోను, ఆవు పొదుగులోను, పాలలోను, జున్నుగడ్డలోను కూడ కనబడుచుండెను. అన్నియు ఒక్కటే అయినచో ఒకటి చంపనేల, మఱియొకటి ఊరకుండనేల? ఈ ప్రశ్నకు సమాధానము దొరకక పండితులు నలుబది సంవత్సరములు తికమకపడిరి.

రెబెకా తండ్రి అమెరికా సైన్యమున ఇంజనీరు శాఖాధికారి. సైనికోద్యోగుల పిల్లలవలె ఆమెయు తండ్రికి బదిలీ అయినపుడెల్ల ఊరు మాఱుచు పెరిగెను. తల్లి పేరు మేరీ వర్ట్‌లీ మాంటేగ్యు బైరము. 18వ శతాబ్దమున టర్కీ దేశమునుండి మశూచికి టీకావంటి పద్ధతిని ఇంగ్లండునకు తెచ్చిన లేడీ మేరీ వర్ట్‌లీ మాంటేగ్యు పేరే అది. ఆ వంశమువారే యని కూడ చెప్పుదురు. 1912లో రెబెకా వెల్‌స్లీ కళాశాలలో చేరినపుడు చదువదలచినది ఫ్రెంచి, ఆంగ్ల సాహిత్యములు. కాని తనతో ఒకే గదిలో నుండిన బాలిక జంతుశాస్త్ర పాఠములు చదువుచుండగా చూచి, ఆ శాస్త్రముపై మనసుపడి చదువు మార్చుకొనెను. కాకతాళీయముగా జరిగిన యీ చిన్న మార్పు లేకయుండిన, ఈ వ్యాసమే యుండెడిది కాదు.

1916లో పట్టభద్రురాలై, వెర్మాంట్ రాష్ట్రమున బర్లింగ్టను పట్టణములోని బాలికల పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసెను. పిమ్మట సైనికాధికారుల కుమార్తెల కుద్దేశింపబడిన విద్యార్థివేతనము లభింపగా కొలంబియా విశ్వవిద్యాలయమున సూక్ష్మజీవశాస్త్రము చదివి 1918లో ఎం.ఏ. పట్టము పొందెను. ఆ యేడే సహాధ్యాయి డొనాల్డ్ లాన్స్‌ఫీల్డును వివాహమాడెను. ఆయన టి. హెచ్. మోర్గన్ శిష్యవర్గమున చేరి, పండ్లపై వ్రాలు చిన్న ఈగలను పెంచి వంశపారంపర్య ధర్మములను పరిశోధించినవాడు.

అది మొదటి ప్రపంచ యుద్ధ కాలము. వేలకొలది యువకులను ఒక్కచోట చేర్చిన సైనిక శిబిరములలో తట్టు వ్యాపించెను. తట్టు తగ్గుముఖము పట్టగానే ఊపిరితిత్తులకు స్ట్రెప్టోకోకస్ సోకి యుద్ధభూమిని చూడకయే సైనికులు మరణించిరి. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ పరిశోధనా సంస్థకు చెందిన ఆస్వాల్డ్ ఏవరీ, అల్ఫాన్స్ డోచెజ్ అను శాస్త్రజ్ఞులు టెక్సాస్ శిబిరములనుండి తెప్పించిన నమూనాలను పరీక్షించుటకు ఒక సహాయకురాలి కొఱకు వెదకుచుండిరి. 23 ఏండ్ల రెబెకా ఆ యుద్యోగమున చేరెను. హోదా కేవలము సాంకేతిక సహాయకురాలు మాత్రమే.

ఈ పరీక్ష ఎట్టిదో విద్యార్థులు గ్రహింపవలెను. చంపిన సూక్ష్మజీవులను కుందేలు శరీరమునకు ఎక్కించినచో, ఆ కుందేలు రక్తములో వాటిని గుర్తుపట్టి పట్టుకొను ప్రతిరక్షకములు పుట్టును. ఆ రక్తమునుండి తీసిన తేటద్రవమునకే సీరము అని పేరు. ఏ రకమునకు పుట్టిన సీరము ఆ రకమును మాత్రమే ముద్దగట్టించును. పైకి అచ్చముగా అట్లే కనబడు వేఱు రకమును తాకదు. సిరుగుప్ప మాగాణిలో నిలిచిన వరిపైరును దూరమునుండి చూచిన పట్నవాసికి అంతయు ఒక్కటే పచ్చదనము. రైతు ఒక్క వెన్ను చేతబట్టి నలిపి గింజను చూచి ఇది ఫలానా రకమని చెప్పును. సీరము శాస్త్రజ్ఞునికి ఆ రైతుచేయివంటిది. టెక్సాస్ నుండి వచ్చిన 125 నమూనాలలో సుమారు నూటికి డెబ్బది కేవలము నాలుగు రకములకు చెందినవని 1919లో వారు మువ్వురును ప్రకటించిరి. ఒక్క జీవి యనుకొన్నది ఒక్కటి కాదనియు, దానిలో రకములు కలవనియు అట్లు తేటపడెను. ప్రకటించిన పత్రముపై సహాయకురాలి పేరు కూడ ఇద్దఱు పెద్దల పేర్లతో సమానముగా వేయుట ఆ కాలమున సామాన్యముగా జరుగునది కాదు.

యుద్ధము ముగియగా ఆ పరిశోధనకు ధనము కఱవయ్యెను. రెబెకా కొంతకాలము ఈగల పరిశోధనలో పనిచేసి, ఒక యేడు భర్తతో ఆరిగాన్ రాష్ట్రమున గడిపి, 1922లో న్యూయార్కునకు తిరిగివచ్చి మరల రాక్‌ఫెల్లరు సంస్థలోనే చేరెను. ఈసారి ఆమె పెద్ద హోమర్ స్విఫ్ట్ అను వైద్యుడు. రుమాటిక్ జ్వరమునకు మూలమేదో కనుగొనవలెనని ఆయన పట్టుదల. నోటిలో నుండు ఆకుపచ్చని చాయనిచ్చు స్ట్రెప్టోకోకస్ దీనికి కారణమని అప్పట్లో పలువురు నమ్మిరి. రెబెకా దానినే తన పి.హెచ్.డి. పరిశోధనకు విషయముగా తీసికొని, ఆ ఆకుపచ్చ జీవికిని ఈ జ్వరమునకును సంబంధము లేదని తేల్చెను. 1925లో డాక్టరు పట్టము వచ్చెను. ఒక తలుపు మూసివేయుట కూడ పరిశోధనలో ఫలమే. ఆ తరువాత ఆమె దృష్టి రక్తకణములను పగులగొట్టు స్ట్రెప్టోకోకస్ వైపునకు, అనగా యుద్ధ శిబిరములనాటి పాత శత్రువు వైపునకే మరలెను. అటుపై అర్ధశతాబ్దమునకు పైగా ఆమె దానిని విడువలేదు.

ఆమె చేసిన పని వంటయింటి పనివలె సరళముగా నుండును. సూక్ష్మజీవులను పెంచి, వాటిని కొంచెము హైడ్రోక్లోరికామ్లముతో కలిపి మరగించి, ఆ కషాయమును తేర్చి, వెంట్రుకవంటి సన్నని గాజునాళికలో సీరముపై చేర్చవలెను. సరియైన జత కుదిరినచో రెండు ద్రవములు కలియుచోట తెల్లని మబ్బువంటి పొర ఏర్పడును. కుదరనిచో తేటగా నుండును. ఇంతే. కాని ఈ సరళమైన పనితో ఆమె ఆ జీవి దేహములో రెండు వేర్వేఱు గుర్తులను విడదీసెను. ఒకటి చక్కెరల గొలుసుతో అల్లిన పదార్థము. అది కుటుంబమంతటికి సమానము, ఇంటిపేరు వంటిది. రెండవది మాంసకృత్తు, అది రకమునకొక్క తీరుగా నుండును, సొంతపేరు వంటిది. ఈ మాంసకృత్తునకు ఆమె ఎమ్ అను అక్షరము పేరుగా నిచ్చెను. 1928లో వరుసగా వెలువడిన ఆమె పత్రములలో ఈ విషయములు కలవు.

1933లో ఆమె మనుష్యుల నుండియు, పశువుల నుండియు, పాల నుండియు, జున్ను నుండియు సేకరించిన 106 నమూనాలను ఈ పద్ధతితో పరీక్షించి, ఏ మొదలు ఈ వరకు అయిదు ఆంగ్లాక్షరములతో అయిదు వర్గములుగా విభజించెను. మనుష్యులను పీడించునవి బహుళముగా ఏ వర్గమున చేరెను. పొదుగువాపు వ్యాధిగల ఆవులనుండి వచ్చినవి బీ వర్గమున చేరెను. జున్నునుండి వచ్చినవి డీ వర్గమయ్యెను. నలుబది యేండ్ల తికమక ఒక్క వ్యాసముతో తీరిపోయెను. ఆ తరువాత వర్గములు పెరిగి అక్షరమాలలో దూరముగా పోయినను, నేటికిని ప్రపంచమందలి ప్రతి వైద్య పాఠ్యగ్రంథమున ఈ విభజన లాన్స్‌ఫీల్డు వర్గములను పేరుతోనే కనబడును. 1935లో ఆమె రొనాల్డ్ హేర్ అను వైద్యునితో కలిసి ప్రసవించిన స్త్రీలనుండి తీసిన నమూనాలను పరీక్షించగా, ప్రమాదకరమైన జ్వరము వచ్చినవారి నమూనాలు దాదాపుగా అన్నియు ఏ వర్గమునకే చెందియుండెను. హాని లేకుండ శరీరమున నుండినవి ఇతర వర్గములకు చెందియుండెను. ఏది శత్రువు, ఏది కేవలము ఇంటి చుట్టమను సంగతి వైద్యులకు తొలిసారి తెలిసెను. బీ వర్గము పశువులకే పరిమితమని అప్పట్లో తోచినను, 1970 ప్రాంతమునకు అదియే అప్పుడే పుట్టిన శిశువులకు రక్తదోషమును, మెదడుపొర వాపును తెచ్చు ముఖ్య శత్రువుగా బయటపడెను. ఆ వయస్సునను ఆమె దానిపై పరిశోధించుటకు వెనుదీయలేదు.

ఇక ఏ వర్గములోని రకముల సంగతి. తల్లిదండ్రులకు దీనిని కొంచెము విపులముగా చెప్పవలసియున్నది, ఏలనన మన యిండ్లలో అడుగు ప్రశ్నకు సమాధానమిందే కలదు. ఒక్కసారి తట్టు వచ్చిన బిడ్డకు సామాన్యముగా మరల రాదు. మఱి ఈ గొంతునొప్పి ఏడాదికి రెండుసార్లు వచ్చుటేమి? ఎమ్ మాంసకృత్తు ఈ జీవికి కవచము. మన రక్తములోని తెల్లకణములు శత్రువును మ్రింగివేయును గదా; కాని ఈ కవచము ధరించినదానిని మ్రింగజాలవు. శరీరము ఆ కవచమునకు ప్రతిరక్షకమును తయారుచేసికొన్న పిమ్మటనే తెల్లకణములకు దానిని పట్టుటకు వీలగును. రెబెకా ఎలుకలపై ప్రయోగించి దీనిని నిరూపించెను. ఒక రకపు సీరము ఎక్కించిన ఎలుక ఆ రకము బారినుండి బ్రతికెను. వేఱు రకము సోకిన చచ్చెను. అనగా ఒకటవ రకపు గొంతునొప్పి వచ్చి తగ్గిన బిడ్డకు ఒకటవ రకము మరల రాదు గాని, మూడవ రకమునకును, పండ్రెండవ రకమునకును ఆ బిడ్డ క్రొత్తవాడే. ఆ రక్షణ ఎంతకాలముండునో తెలిసికొనుటకు ఆమె పూర్వము వ్యాధిగ్రస్తులైనవారి రక్తమును ఏండ్ల తరబడి పరీక్షించి, కొందఱిలో 30 సంవత్సరముల పిదప కూడ ఆ ప్రతిరక్షకము నిలిచియున్నదని 1959లో ప్రకటించెను. ముప్పది యేండ్లు ఒక్క ప్రశ్నను పట్టుకొని కూర్చుండుట ఎంత ఓపికయో ఆలోచింపుడు!

అదే కాలమున లండనులో ఫ్రెడరిక్ గ్రిఫిత్ అను శాస్త్రజ్ఞుడు వేఱొక పద్ధతితో రకములను విడదీయుచుండెను. ఆయన పద్ధతిలో గాజుపలకపై జీవులు ముద్దకట్టుటను చూతురు. ఇరువురి ఫలితములు కొన్నిచోట్ల పొసగలేదు. వారిరువురును పోట్లాడలేదు, నమూనాలను, సీరములను ఓడలపై ఒకరికొకరు పంపుకొని సరిచూచుకొనిరి. తుదకు తేలినదేమనగా, గ్రిఫిత్ చూచుచున్నది కొన్నియెడల ఎమ్ కాక మఱియొక మాంసకృత్తు. దానికి టీ అని పేరయ్యెను. ఎమ్ ఒక్కటియే ప్రాణరక్షణకు సంబంధించినదని రెబెకా నిరూపించెను. అయినను రకములకు గ్రిఫిత్ వేసిన సంఖ్యలనే తాను స్వీకరించెను. గ్రిఫిత్ 1941లో లండనుపై జరిగిన బాంబుదాడిలో మరణించెను.

రకమునుబట్టి రోగము మాఱుట కూడ క్రమముగా తెలియవచ్చెను. పండ్రెండవ రకము గొంతులో చేరి కొందఱికి మూత్రపిండముల వాపును తెచ్చును. 1953లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున రెడ్ లేక్ అను ఆదివాసి ప్రాంతమున పిల్లల చర్మపు కురుపులనుండి ఇట్టి మూత్రపిండ వ్యాధియే వ్యాపించెను. అందుకు కారణమైన రకమునకు తరువాత 49వ సంఖ్య వేసిరి. చీముకురుపులను చిన్నవిగా భావింపరాదని దీనివలన తెలియును. ముఖము ఉబ్బి, మూత్రము ఎఱ్ఱబడి తగ్గిపోయినచో, గడచిన వారములలో ఆ బిడ్డకు కురుపులు వచ్చినవా యని వైద్యులు అడుగుట ఇందువలననే.

మఱి ఇంత చిన్న గొంతుజీవి కొందఱిని రెండు దినములలో చంపుటకు మూలమేమి? ఇక్కడ విషముల సంగతి వచ్చును. 1923, 1924 సంవత్సరములలో షికాగో నగరమున జార్జి డిక్, గ్లాడిస్ డిక్ అను దంపతులు స్కార్లెట్ జ్వరమున ఒంటిపై వచ్చు ఎఱ్ఱదనమునకు సూక్ష్మజీవి కాక, అది వెడలగ్రక్కు విషము కారణమని కనుగొనిరి. 1932లో టాడ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు రక్తకణములను పగులగొట్టు విషమునకు శరీరములో పుట్టు ప్రతిరక్షకమును కొలుచు పరీక్షను ఏర్పరచెను. ఈయన అంతకుముందు రెబెకాతో కలిసి పనిచేసినవాడే. రుమాటిక్ జ్వరమని అనుమానము కలిగినపుడు నేడును వైద్యులు వ్రాయు ఏ.ఎస్.ఓ. రక్తపరీక్ష ఇదియే. 1964లో రాక్‌ఫెల్లరు సంస్థయందే జాన్ జాబ్రిస్కీ అను వైద్యుడు మఱియొక వింతను నిరూపించెను. స్కార్లెట్ జ్వరపు విషమును తయారుచేయు శక్తి ఆ జీవికి పుట్టుకతో వచ్చినది కాదు. దానిలో ప్రవేశించి దాగియుండు బాక్టీరియోఫేజ్ అను వైరసు తెచ్చిపెట్టినది. రోగమునకే రోగము పట్టి, దానిని మఱింత క్రూరముగా చేయుచున్నదన్న మాట.

ఈ విషములు పని చేయు తీరు 1980 తరువాతగాని సరిగా తెలియలేదు. సామాన్యముగా ఒక శత్రువు ప్రవేశించినపుడు మన రక్షకకణములలో వేలకొక్కటి మాత్రమే దానిని గుర్తించి మేల్కొనును. ఈ విషము ఆ గుర్తింపునే త్రోసిరాజని, ఐదింట ఒక వంతువరకు కణములను ఒక్కమ్మడి రేపివేయగలదు. ఊరిలో దొంగ పడినాడని దండోరా వేసినచో కావలివాడు పోవుటకు మారుగ ఊరంతయు కఱ్ఱలతో వీధులలోనికి ఉరికి ఒకరినొకరు కొట్టుకొనినట్లుండును. రక్తపుపోటు పడిపోయి, మూత్రపిండములు, ఊపిరితిత్తులు గంటల వ్యవధిలో చెడును. 1980వ దశకము చివర అమెరికాలోను, ఐరోపాలోను ఇట్టి రోగులు మరల కనబడగా, వైద్యులు రకములను పరీక్షించిరి. ఒకటవ ఎమ్ రకమును, మూడవ ఎమ్ రకమును ఎక్కువగా ఉండెను. రెబెకా చనిపోయి కొన్ని సంవత్సరములే అయినది. ఏ రకము ఎచ్చట, ఎప్పటినుండి తిరుగుచున్నదని పోల్చుటకు ఆమె కట్టిన వరుసయే వారికి ఆధారమయ్యెను. ఆ పిమ్మట సీరమునకు బదులు ఎమ్ మాంసకృత్తును తయారుచేయు జన్యువును చదివి రకమును నిర్ణయించు పద్ధతి వచ్చినది. నేటికి 200లకు పైగా రకములు లెక్కకు వచ్చినవి. మన దేశమువంటి ఉష్ణదేశములలో తిరుగు రకములు పాశ్చాత్య దేశములలోనివానికంటె మిక్కిలి హెచ్చు. అక్కడి రకముల నెంచుకొని తయారుచేయజూచిన టీకాలు ఇక్కడ చాలకపోవుటకు ఇది యొక కారణము. వాడుకకు వచ్చిన టీకా నేటివరకు లేదు.

మందు మాత్రము కలదు. 1950 ప్రాంతమున వ్యోమింగ్ రాష్ట్రములోని ఒక సైనిక స్థావరమున ర్యామెల్‌కాంపు, వానమేకరు మొదలగు వైద్యులు, స్ట్రెప్టోకోకస్ గొంతునొప్పి వచ్చిన సైనికులకు తొమ్మిది దినములలోపల పెనిసిలిన్ ఇచ్చినచో రుమాటిక్ జ్వరము రాదని రుజువు చేసిరి. ఒకసారి ఆ జ్వరము వచ్చిన బిడ్డకు మరల మరల రాకుండుటకై మూడు నాలుగు వారములకొక సూది చొప్పున ఏండ్ల తరబడి ఇచ్చుచుందురు. నొప్పి తగ్గినదిగదా యని నడుమ మానినచో గుండెకు మఱింత చేటు. ఈ వర్గపు జీవులు ఇన్ని దశాబ్దముల తరువాతను పెనిసిలిన్‌కు లొంగుచునేయున్నవి. ఇట్టి అదృష్టము ఇతర సూక్ష్మజీవులలో అరుదు. ఏ గొంతునొప్పి స్ట్రెప్టోకోకస్ వలన వచ్చినదో వైద్యుడు చూచి తేల్చవలసినదే గాని, మందుల దుకాణములో అడిగి కొన్న రెండు మాత్రలు దీనికి పనికిరావు.

మరల మన కథానాయికను చూతము. రెండవ ప్రపంచ యుద్ధమున సైన్యము స్ట్రెప్టోకోకస్ వ్యాధులకై ఏర్పరచిన సంఘమున ఆమె సభ్యురాలు. దేశదేశముల ఆసుపత్రులనుండి గుర్తు తెలియని నమూనాలు ఆమె బల్లపైకి వచ్చుచుండెను. అవి ఏ రకమో తేల్చి, కావలసినవారికి సీరములను పంపుచుండెను. ఆమె పరిశోధనాలయమును లండనులోని పోలీసుశాఖతో పోల్చి స్ట్రెప్టోకోకస్ నేరముల స్కాట్లండు యార్డు అని చమత్కారముగా పిలుచుచుండిరి. 1943లో అమెరికా సూక్ష్మజీవశాస్త్రజ్ఞుల సంఘమునకు అధ్యక్షురాలయ్యెను. 1961లో రోగనిరోధక శాస్త్రజ్ఞుల సంఘమునకు అధ్యక్షపదవి వహించిన తొలి స్త్రీ ఆమెయే. 1970లో జాతీయ విజ్ఞాన పరిషత్తున సభ్యత్వము వచ్చెను. కాని ప్రొఫెసరు పదవి 1958లో గాని రాలేదు. సంస్థలో కాలుపెట్టిన నలుబది సంవత్సరములకు! లోకమంతయు ఆమె పేరుతో వర్గములను పిలుచుచున్న పాతికేండ్లకు! ఆమె దీనిని గూర్చి కొట్లాడినట్లు కనబడదు. ఆమె కొట్లాడకపోయినను మనకు అది అన్యాయముగానే తోచును.

1929లో ఆమెకు జేన్ అను కుమార్తె కలిగెను. వేసవి వచ్చిన కుటుంబమంతయు వుడ్స్ హోల్ అను సముద్రతీర గ్రామమునకు పోయి ఈతలతోను, టెన్నిసు ఆటతోను గడపుచుండెడిది. పరిశోధనాలయములోనివారు ఆమెను మిసెస్ ఎల్ అని చనువుగా పిలిచెడివారు. పండుగ దినములలో ఆమె గ్రుడ్లు, మీగడ కలిపి స్వయముగా తయారుచేయు పానీయము సంస్థయంతట పేరుపొందినది.

1965లో పదవీ విరమణ వయస్సు వచ్చెను గాని ఆమె పని మానలేదు. నగరపు శివారునందలి డగ్లస్టన్ నుండి తన గదికి వచ్చి, పాత గాజునాళికలయందు ఎండబెట్టి భద్రపఱచిన జీవులను పరీక్షించుచునే యుండెను. ఆరువేలకు మించిన ఆ నమూనాలలో ప్రతిదానికి ఏ రోగినుండి వచ్చినది, ఏ యేట వచ్చినది, ఏ సీరముతో పొసగినది అను వివరములు వ్రాసి యుంచెను. 1980 నవంబరులో పడి తుంటి యెముక విరుగువఱకు ఆ పని సాగినది. 1981వ సంవత్సరము మార్చి 3వ తేదీన, 86వ యేట, ఆమె కన్నుమూసెను. 1918లో టెక్సాస్ శిబిరములనుండి వచ్చిన సూక్ష్మజీవులతో ఆరంభమైన పని అది.